దస్తరం ఎవరి చేతిలో ఉంది?
ఈమెయిళ్లను మన దగ్గర దాచుకోవటం గురించి

మన ఊళ్లల్లో భూమి లెక్కలన్నీ చాలాకాలం ఒక్క మనిషి సంకలో ఉండేవి. ఆంధ్రలో ఆయన్ని కరణం అన్నారు, తెలంగాణలో పట్వారీ అన్నారు. చేను దున్నేది మాల మాదిగలే అయినా అడంగల్‌లోనో పహాణీలోనో ఎవరి పేరు ఎక్కిందో దున్నేవాళ్లకు తెలిసేది కాదు. తెలుసుకుందామంటే ఆ దస్తరం చూపించేవాడు లేడు, చూపించినా చదివే అక్షరం మన దగ్గర లేదు. 1984లో ఆ వంశపారంపర్య వ్యవస్థ రద్దయ్యింది. అక్షరం కూడా ఎంతో కొంత మన చేతికొచ్చింది. అయితే దస్తరం మన చేతికొచ్చిందా?

ఈ ప్రశ్న ఇప్పుడు ఎందుకంటే, ఈనాడు మన దస్తరం చాలావరకు ఈమెయిల్‌లో ఉంది. స్కాలర్‌షిప్ రాలేదని పెట్టిన అర్జీ, దానికి అధికారి ఇచ్చిన జవాబు, హాస్టల్లో జరిగిన అవమానం మీద ఇచ్చిన ఫిర్యాదు, గైడు రాసిన ఉత్తరాలు, నిజనిర్ధారణకు వెళ్లొచ్చిన బృందం పంపిన ఫొటోలు, పత్రికకు పంపిన వ్యాసం మొదటి ప్రతి - ఇవన్నీ అందులోనే ఉన్నాయి. వీటిని మనం "నా మెయిల్" అంటాం. కానీ అవి ఉన్నది మన ఇంట్లో కాదు. ఎక్కడో ఒక కంపెనీ కంప్యూటర్లో ఉన్నాయి. క్లౌడ్ అనే మాట విని అదేదో ఆకాశంలో అందరికీ సమానంగా ఉండే మబ్బు అనుకోనక్కరలేదు. క్లౌడ్ అంటే వేరేవాళ్ల కంప్యూటర్. అక్కడ స్థలం వాళ్లది, నియమం వాళ్లది, తాళంచెవి కూడా వాళ్లదే.

క్లౌడ్ వాడొద్దని మేము అనటం లేదు. అక్కడున్నది ఒక్కటే ప్రతి కాకూడదనేదే ఈ వ్యాసం చెప్పదల్చుకున్నది.

కేసు వయసు, అకౌంట్ వయసు

చుండూరులో దళితుల్ని చంపింది 1991 ఆగస్టు 6న. ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో వచ్చింది. ఆ శిక్షల్ని కొట్టేస్తూ హైకోర్టు తీర్పు ఇచ్చింది 2014లో. అంటే 23 ఏళ్లు. మన కేసుల ఆయుష్షు ఇట్లా ఉంటుంది. అన్నేళ్లపాటు కాగితం నిలవాలి, దాన్ని దాచే మనిషి నిలవాలి.

ఇప్పుడు రెండో లెక్క చూద్దాం. గూగుల్ 2023 మే నెలలో ప్రకటించిన నియమం ప్రకారం, 2 ఏళ్లపాటు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత అకౌంట్‌ను అందులోని మెయిళ్లతో సహా తొలగించవచ్చు. 2023 డిసెంబర్ నుంచి ఇది అమల్లోకి వచ్చింది. ఒక సంఘం ఉద్యమం నడిచినంతకాలం ఒక అకౌంట్ వాడి, తర్వాత పట్టించుకోలేదనుకోండి. దాన్ని చూసుకునే కార్యకర్త ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడనుకోండి. రెండేళ్లంటే ఎంతసేపు? 23 ఏళ్ల కేసుకి 2 ఏళ్ల పెట్టె సరిపోదు.

విశ్వవిద్యాలయాలు ఇచ్చే అకౌంట్ల సంగతి ఇంకోరకం. గూగుల్ విద్యాసంస్థలకు అంతకుముందు లెక్కలేనంత స్థలం ఇచ్చేది. 2021లో దాన్ని మార్చి, ఒక సంస్థ మొత్తానికి 100 టెరాబైట్ల హద్దు పెట్టింది. పాత సంస్థలకు 2022 నుంచి అది వర్తించింది. అప్పటినుంచి చాలా సంస్థలు ఒక్కో విద్యార్థికి ఇంత అని కోత పెట్టాయి, చదువు ముగించి వెళ్లినవాళ్ల అకౌంట్లు మూసేస్తున్నాయి. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన పిల్లలకు ఈ దెబ్బ ఎక్కువ తగులుతుంది. ఎందుకంటే ఇట్లా జరుగుతుందని ముందే చెప్పే అన్న, అక్క ఇంట్లో ఉండరు. వాళ్ల ఆరేళ్ల పరిశోధన ఉత్తరాలు మొత్తం ఆ ఒక్క అకౌంట్లోనే ఉంటాయి.

యాహూ గ్రూపుల కథ కూడా గుర్తుచేసుకోవాలి. 2000 తర్వాతి పదేళ్లలో దేశవిదేశాల్లో ఎన్నో ప్రజాబృందాలు, వాటిల్లో అంబేద్కరైట్ బృందాలు కూడా, అక్కడే ఉత్తరాలు నడుపుకున్నాయి. 2019 అక్టోబర్‌లో కంపెనీ పాత నిల్వలన్నీ తీసేస్తున్నామని చెప్పింది. 2020 డిసెంబర్‌లో ఆ సేవనే మూసేసింది. తమ కంప్యూటర్లోకి దించుకున్నవాళ్లకు ఆ వాదాలు మిగిలాయి, మిగతావాళ్లకు పోయాయి.

కాగితం సంగతి దీనికి భిన్నం. బాబాసాహెబ్ 1956లో చనిపోయాక ఆయన అచ్చుకాని రాతప్రతులు పెట్టెల్లో, ప్రభుత్వ అధికారుల కస్టడీలో ఏళ్ల తరబడి పడి ఉన్నాయి. 1979లో వసంత్ మూన్ సంపాదకుడిగా మహారాష్ట్ర ప్రభుత్వం ఆయన రచనల సంపుటాలు వెయ్యటం మొదలుపెట్టింది. 'రిడిల్స్ ఇన్ హిందూయిజం' 1987లో గానీ అచ్చు కాలేదు. అది అన్యాయమైన ఆలస్యమే. కానీ పెట్టె తెరిస్తే కాగితం ఉంది. మూసేసిన అకౌంట్‌లో తెరవటానికి పెట్టె కూడా ఉండదు.

మెయిల్ అసలు ఎక్కడ ఉంటుంది?

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మెయిల్‌ను కంప్యూటర్లోకి తెచ్చే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఐమ్యాప్ అనేది, ఉత్తరం పోస్టాఫీసులోనే ఉంచి, మనం అక్కడి అల్మరాను ఇంట్లోనుంచి చూడటం లాంటిది. మన కంప్యూటర్లో కూడా ఒక నీడలాంటి ప్రతి ఉంటుంది. అయితే అక్కడ చెరిపితే ఇక్కడా చెరుగుతుంది. పాప్ అనేది ఉత్తరాన్ని ఇంటికి తెచ్చుకోవటం. "సర్వర్‌లో ఒక ప్రతి ఉంచు" అని చెప్పకపోతే పోస్టాఫీసులో ఇక మిగలదు.

ఇప్పుడు దాదాపు అందరం వాడేది ఐమ్యాప్. కాబట్టి "నా కంప్యూటర్లో మెయిళ్లు కనిపిస్తున్నాయి కదా, ఇక భయం లేదు" అనుకోవటం సరికాదు. కనిపించేది నీడ. అకౌంట్ పోతే నీడ కూడా పోవచ్చు. మనకు కావల్సింది అకౌంట్‌తో ముడి తెగిన విడి ప్రతి.

ఈ విడి ప్రతి మూడు రూపాల్లో దొరుకుతుంది. ఎంబాక్స్ అనేది ఒక ఫోల్డర్‌లోని ఉత్తరాలన్నిట్నీ వరసగా ఒకే ఫైల్‌లో కుట్టిన పుస్తకం. ఈఎంఎల్ అంటే ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైల్. ఈ రెంటినీ ఏ ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేరో ఉంటేనే చదవగలం అనే బాధ లేదు. మూడోది పీఎస్‌టీ, ఇది మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్ సొంత రూపం. ఔట్‌లుక్‌లోనే ఓఎస్‌టీ అని ఇంకొకటి ఉంటుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నా ఓఎస్‌టీ పైన చెప్పిన నీడే. దాన్ని కాపీ చేసి పెట్టుకుని బ్యాకప్ అయిందనుకుంటే మోసపోతాం.

జీమెయిల్ వాడేవాళ్లకు

అన్నిటికన్నా తేలిక దారి గూగుల్ టేక్ఔట్. అందులో ముందు అన్నీ వదిలేసి, మెయిల్ ఒక్కటే ఎంచుకోవాలి. ఫైల్ ఎంత ముక్కలుగా కావాలో అడుగుతుంది. నెట్ సరిగా ఉండని చోట 2 గిగాబైట్ల ముక్కలే మంచిది. కొన్ని గంటలకో ఒకట్రెండు రోజులకో లింకు పంపిస్తుంది. ఆ లింకు సుమారు వారం రోజులే పనిచేస్తుంది కాబట్టి వెంటనే దించుకోవాలి. వచ్చేది ఎంబాక్స్ ఫైల్.

చాలామంది ఇక్కడ ఒక పొరపాటు పడతారు. ఆ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిసిన గందరగోళం కనబడుతుంది, తెలుగు ఒక్క ముక్క కనబడదు. పాడైపోయిందని తీసి పారేస్తారు. అది పాడవ్వలేదు. తెలుగు అక్షరాల్ని మెయిల్ ప్రయాణం కోసం వేరే సంకేతాల్లోకి మార్చి పంపుతారు. మెయిల్ చదివే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే తెలుగు తెలుగులాగే కనబడుతుంది.

ఆ పనికి మేము వాడేది మొజిల్లా వారి థండర్‌బర్డ్. డబ్బు కట్టక్కరలేదు, పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. అందులో లోకల్ ఫోల్డర్స్ అని ఒక చోటు ఉంటుంది. అది ఏ అకౌంట్‌కీ కట్టుబడని, మన సొంత అల్మరా. టేక్ఔట్ ఇచ్చిన ఎంబాక్స్‌ను అందులోకి చేర్చుకోవచ్చు. లేదా మన అకౌంట్‌ను థండర్‌బర్డ్‌లో కలిపి, మెయిళ్లన్నీ పూర్తిగా దిగేదాకా ఆగి, ఆ ఫోల్డర్‌ను లోకల్ ఫోల్డర్స్‌లోకి కాపీ చేసుకోవచ్చు. కాపీ అని గుర్తుపెట్టుకోండి, మూవ్ కాదు. మూవ్ చేస్తే సర్వర్‌లోది పోతుంది. జీమెయిల్‌లో ఒకే ఉత్తరం రెండు మూడు లేబుళ్ల కింద కనబడుతుంది. అందుకని ఆల్ మెయిల్ అనే ఒక్క ఫోల్డర్‌ను కాపీ చేస్తే సరిపోతుంది, లేకపోతే ఒకటే ఉత్తరం నాలుగుసార్లు వస్తుంది.

తర్వాత థండర్‌బర్డ్‌ను పూర్తిగా మూసి, దాని ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చెయ్యాలి. హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ సమాచారం అనే చోట ఆ ఫోల్డర్ ఎక్కడుందో చూపిస్తుంది. మూయకుండా కాపీ చేస్తే ఫైల్ సగంలో తెగే ప్రమాదం ఉంది. ఆ ఫోల్డర్‌లో ఎంఎస్‌ఎఫ్ అని తోక ఉన్న చిన్న ఫైళ్లు కనబడతాయి. అవి విషయసూచికలు మాత్రమే. అసలు ఉత్తరాలున్నది అదే పేరుతో, తోక లేకుండా ఉన్న పెద్ద ఫైల్‌లో.

సంస్థ ఇచ్చిన అకౌంట్లలో కొన్నిసార్లు ఈ రెండు దారులూ మూసి పెడతారు. అప్పుడు ముఖ్యమైన ఉత్తరాల్ని ఒక్కొక్కటిగా, మెసేజ్ డౌన్‌లోడ్ అనే మీటతో ఈఎంఎల్‌గా దించుకోవాలి. శ్రమే. కానీ థీసిస్ సమర్పించాక కాదు, సమర్పించే ఏడాది మొదట్లోనే చెయ్యాలి.

ఔట్‌లుక్ వాడేవాళ్లకు

ఆఫీసుల్లో, కాలేజీల్లో పనిచేసే మనవాళ్లు చాలామంది పాత ఔట్‌లుక్ వాడతారు. అందులో ఫైల్ మెనూ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసి పీఎస్‌టీ ఫైల్ తయారు చేసుకోవచ్చు.

ఇక్కడ తెలియకుండా జరిగే ఒక ముప్పు ఉంది. ఔట్‌లుక్ పీఎస్‌టీ ఫైళ్లను మామూలుగా డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో పెడుతుంది. కొత్త విండోస్ కంప్యూటర్లలో డాక్యుమెంట్స్ ఫోల్డర్ మొత్తం వన్‌డ్రైవ్ అనే క్లౌడ్‌లోకి ముడిపడి ఉండటం మామూలైపోయింది. అంటే మనం సొంతంగా దాచుకున్నాం అనుకున్న ఫైల్ మళ్లీ క్లౌడ్‌లోకే పోతుంది. అంతటితో ఆగదు. ఔట్‌లుక్ తెరిచినప్పుడల్లా ఆ ఫైల్ మారుతూ ఉంటుంది, మారినప్పుడల్లా వన్‌డ్రైవ్ దాన్ని మళ్లీ ఎక్కించాలని చూస్తుంది. ఉచితంగా ఇచ్చే 5 గిగాబైట్లు నిండిపోతాయి, ఇద్దరూ ఒకే ఫైల్‌ను పట్టుకుని లాగటంతో అది చెడిపోవచ్చు కూడా. పీఎస్‌టీని వన్‌డ్రైవ్ బయట పెట్టుకొమ్మని మైక్రోసాఫ్టే చెబుతుంది.

బయటికి తియ్యటం కష్టం కాదు. అకౌంట్ సెట్టింగ్స్‌లో డేటా ఫైల్స్ అనే చోట ఆ ఫైల్ ఎక్కడుందో చూసుకోవాలి. ఔట్‌లుక్ మూసెయ్యాలి. ముందు ఒక కాపీ బయటి డిస్క్‌లో పెట్టుకుని, తర్వాత అసలు ఫైల్‌ను వన్‌డ్రైవ్‌కు ముడిలేని వేరే ఫోల్డర్‌లోకి జరపాలి. మళ్లీ ఔట్‌లుక్ తెరిస్తే ఫైల్ కనబడలేదంటుంది. కొత్త చోటు చూపిస్తే సరిపోతుంది. పీఎస్‌టీ మామూలుగా 50 గిగాబైట్ల దాకా పెరగగలదు, అయినా అంత పెంచొద్దు. ఏడాదికొక ఫైల్ చేసుకుంటే, ఒకటి చెడినా మిగతావి మిగులుతాయి.

మెయిల్‌తో రానివి

మెయిల్ మొత్తం దించుకున్నాక కూడా కొన్ని మిగిలిపోతాయి. జీమెయిల్‌లో 25 మెగాబైట్లు దాటిన ఫైల్ ఉత్తరంతో పాటు రాదు, డ్రైవ్‌లో పెట్టి లింకు మాత్రమే పంపుతుంది. మన బ్యాకప్‌లో ఉండేది ఆ లింకే. పంపినవాళ్లు తీసేస్తే వీడియో పోయినట్టే. నిజనిర్ధారణ వీడియోలు, రికార్డు చేసిన సాక్ష్యాలు ఎక్కువగా ఇట్లాగే వస్తాయి. అందిన రోజే వాటిని విడిగా దించి పెట్టుకోవాలి.

మన పత్రికలకు ఇంకో చిక్కు ఉంది. యూనికోడ్ రాకముందూ, వచ్చాక చాలాకాలం కూడా, వ్యాసాలు అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ ఫైళ్లుగా మెయిల్‌లో తిరిగాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు కాదుకదా ఏ భాషా కాదు. అట్లాంటి అటాచ్‌మెంట్లు మీ దగ్గరుంటే, ఇంకా అను పనిచేసే డీటీపీ సెంటర్‌కు వెళ్లి పీడీఎఫ్‌గా మార్చి పెట్టుకోండి. ఫైల్ దొరికినా అక్షరం దొరక్కపోతే లాభం లేదు.

ఎన్ని ప్రతులు, ఎక్కడ?

కంప్యూటర్ పనివాళ్లు చెప్పే లెక్క 3-2-1. మొత్తం 3 ప్రతులు, 2 రకాల సాధనాల మీద, అందులో 1 వేరే చోట. మనకు అన్వయించుకుంటే: క్లౌడ్‌లోది ఒకటి, మన దగ్గరి హార్డ్‌డిస్క్‌లో ఒకటి, ఇంకో ఊళ్లో నమ్మకస్తుల ఇంట్లో ఇంకో డిస్క్. మన ఇళ్లకు అగ్గి కొత్త కాదు, వరద కొత్త కాదు, పోలీసుల సోదా కూడా కొత్త కాదు. అన్నీ ఒకే గదిలో ఉంటే మూడు ప్రతులైనా ఒక్క ప్రతి కిందే లెక్క.

పెన్‌డ్రైవ్ మోసుకెళ్లటానికే గాని ఏళ్ల తరబడి దాచటానికి పనికిరాదు. పాత పద్ధతి ఫ్యాట్ 32లో ఫార్మాట్ చేసిన డిస్క్‌లో 4 గిగాబైట్లు దాటిన ఒక్క ఫైల్ పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోవాలి. అయితే ఫార్మాట్ చేస్తే డిస్క్‌లో ఉన్నదంతా పోతుందని మర్చిపోవద్దు. కాపీ అయ్యాక డిస్క్ తీసెయ్యాలి. ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్ వస్తే, కంప్యూటర్‌కి తగిలించి ఉన్న డిస్క్‌కి కూడా తాళం పడుతుంది.

ఇక తెరిచి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదు. ఇంకో కంప్యూటర్లో థండర్‌బర్డ్ పెట్టి, డిస్క్‌లోని ప్రతిని తెరిచి, పాత ఉత్తరం ఒకటి, తెలుగు ఉత్తరం ఒకటి, అటాచ్‌మెంట్ ఒకటి తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి. అప్పటిదాకా స్థలం కోసం సర్వర్‌లోవి చెరపొద్దు.

కోర్టు ముందు, కంటి ముందు

స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే చాలదా అని విద్యార్థులు అడుగుతారు. చాలదు. ఒక మెయిల్ ఏ దారిన, ఏ సమయానికి వచ్చిందో చెప్పే వివరాలు దాని తలభాగంలో, మామూలుగా కంటికి కనబడకుండా ఉంటాయి. ఈఎంఎల్, ఎంబాక్స్ ప్రతుల్లో అవి భద్రంగా ఉంటాయి. స్క్రీన్‌షాట్‌లో ఉండవు. ఫార్వర్డ్ చేస్తే కూడా మామూలుగా పోతాయి.

ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచెయ్యాలని పాత సాక్ష్య చట్టం 65బి సెక్షన్ చెప్పేది. అసలు పరికరాన్నే కోర్టు ముందు పెట్టని సందర్భాల్లో అది తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో చెప్పింది. 2024 జులై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది, ఇప్పుడు చూడాల్సింది దాని 63వ సెక్షన్. ఆ సర్టిఫికెట్ నమూనాలో ఫైల్ హ్యాష్ విలువ కూడా అడుగుతారు. హ్యాష్ అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటిది. షా-256 పద్ధతిలో అది 64 అక్షరాలుంటుంది. ఫైల్‌లో ఒక్క కామా మారినా ఈ వేలిముద్ర మొత్తం మారిపోతుంది. విండోస్‌లో ఉండే సర్ట్‌యుటిల్ అనే సాధనంతో దాన్ని తీసుకోవచ్చు. కేసుకు పనికొచ్చే ఫైల్ ఏదైనా దించుకున్న రోజే హ్యాష్ తీసి, తేదీతో సహా ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోవాలి. మిగతాది లాయరు చూసుకుంటారు, కానీ ఈ మొదటి అడుగు మనమే వెయ్యాలి.

దాచటం ఎంత ముఖ్యమో కాపాడటం అంతే ముఖ్యం. ఎంబాక్స్ ఫైల్‌కి తాళం ఉండదు. డిస్క్ ఎవరి చేతికి చిక్కితే వాళ్లు చదవగలరు. మనల్ని నమ్మి మాట చెప్పిన ఆడవాళ్ల పేర్లు, సాక్షుల ఊళ్లు అందులో ఉంటాయి. వెరాక్రిప్ట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డిస్క్‌కి తాళం వెయ్యాలి. పాస్‌వర్డ్ ఒక్కరికే తెలిస్తే ఆ మనిషితో పాటే దస్తరం పోతుంది, పదిమందికి తెలిస్తే తాళమే కాదు. సంఘంలో ఇద్దరికి తెలియాలి, ఆ ఇద్దరూ మారినప్పుడు పాస్‌వర్డ్ మారాలి.

ఎవరు చెయ్యాలి, ఎప్పుడు చెయ్యాలి?

ఇదంతా కంప్యూటర్ చదివినవాళ్ల పని అని పక్కన పెట్టడం మనకు అలవాటైంది. పైన చెప్పిన పనుల్లో డిగ్రీ కావాల్సింది ఒక్కటీ లేదు. ఒక డిస్క్, ఒక పూట, ఓపిక ఉంటే చాలు. ప్రతి సంఘం, ప్రతి పత్రిక, ప్రతి హాస్టల్ కమిటీ ఈ బాధ్యత ఒక మనిషికి అప్పజెప్పాలి. ఏ రోజు ఏ అకౌంట్ నుంచి ఎంత దించారు, డిస్క్ ఎవరింట్లో ఉంది అనేది నోటుబుక్కులో రాయాలి. ఫైల్ పేరులోనే ఏడాది, నెల, తేదీ ఉండాలి. డిస్కులు కూడా ముసలివైపోతాయి కాబట్టి నాలుగైదేళ్లకొకసారి కొత్తదాంట్లోకి మార్చుకోవాలి.

తేదీలు మర్చిపోతామనే సమస్య మనకు లేదు. ఏప్రిల్ 14న, డిసెంబర్ 6న ఎట్లాగూ అందరం ఒకచోట కలుస్తాం. విగ్రహానికి దండ వేసి వచ్చాక ఆ సాయంత్రం ఒక గంట కూర్చుని, డిస్క్ తగిలించి, ఆ ఏటి ఉత్తరాలు దించి, పాతవి తెరుచుకుంటున్నాయో లేదో చూస్తే ఆ పని అయిపోతుంది. మన దస్తరం ఎక్కడుందో, దాన్ని ఎట్లా తెరవాలో మన పిల్లల్లో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి.